పచ్చి వేప బుడిపెకు ధర కట్టడం ఎలా?

గోదారి_గిన్నెలు

రాజమండ్రి దగ్గర ఒక కర్రల అడితిలో వేప బుడిపె ఒకటి చూసి వచ్చాను, అప్పటినుంచి మనసంతా దాని మీదే ఉంది. బుడిపె అంటే మాను మీద గడ్డలా ఉబ్బే చెక్క, లేత్ (తరిమెన) మీద గిన్నెలు తిప్పడానికి తెచ్చుకుంటాం. ఇది మానుకు పక్కగా పుట్టింది. మానుతో కలిసే చోట రంపంతో చదునుగా కోసి ఉంచారు. చదును ముఖం అడ్డంగా రెండడుగులు, ఎత్తు పది అంగుళాలు ఉంది, కాటా మీద 45 కిలోలు తూగింది. చేను గట్టు మీద గాలివానకు కూలిన చెట్టుదని, కోసి పది రోజులైందని చెప్పారు. బెరడు ఇంకా తీయలేదు. కిలో 400 చొప్పున మొత్తం 18,000 రూపాయలు అడుగుతున్నారు.

ఇంతగా తటపటాయించడానికి కారణం ఉంది. కిందటి ఏడాది వేరొక చోట చింత బుడిపెను పైరూపం చూసి మురిసిపోయి 6,000 ఇచ్చి తెచ్చుకున్నాను. ఇంటి దగ్గర రంపం పెడితే రెండంగుళాల లోతులోనే పొట్టు రంగు మారింది, ఆ తర్వాత చెక్క బదులు పుట్టమన్ను రాలింది. గిన్నె మాట అటుంచి, ఒక కుంకుమ భరిణెకు సరిపోయే గట్టి ముక్క కూడా మిగలలేదు. నా లేత్ మీద 12 అంగుళాల కంటే పెద్దది తిరగదు. బుడిపెను కోయకుండానే లోపల ఏముందో అంచనా కట్టే దారి ఉందా? ఈ ధర న్యాయమైనదేనా?

ఉలిపదును

లోపల చూపించని బుడిపెకు నేను కట్టెల ధర మాత్రమే ఇస్తాను. ఒక పక్క బెత్తెడు ముక్క కోసి చూపించమని అడగండి. ఒప్పుకోకపోతే వదిలేసి రండి.

అడితి_బాబాయ్

నేను ముప్పై ఏళ్లుగా అడితి నడుపుతున్నాను కనుక అమ్మేవాడి వైపు మాట కూడా చెప్పాలి. ఉలిపదును గారు చెప్పినట్టు కిటికీలా ఒక ముక్క కోసి చూపించిన తర్వాత కొనేవారు "ఆలోచించుకుని చెబుతాను" అని వెళ్లిపోతే, ఆ కోసిన ముఖం మా ఎండకు నాలుగు రోజుల్లో నెర్రెలు విచ్చుతుంది. ఆ తర్వాత వచ్చిన మనిషి ఆ నెర్రెలు చూపించి సగం ధరకు అడుగుతాడు. అందుకే చాలామంది కోయడానికి ఒప్పుకోరు, వారి మనసులో మోసం ఉండి కాదు. కోయమని అడిగేటప్పుడు ముందుగా కొంత బయానా చేతిలో పెట్టండి, లోపల పుచ్చు ఉంటే కోత కూలి మాత్రం పోగా మిగిలింది తిరిగి తీసుకుంటానని మాట అనుకోండి. అలా అడిగిన మనిషిని నేను ఎప్పుడూ కాదనలేదు.

విశాఖ_తరిమెన

కోయడానికి ముందే చేయగల పని ఒకటి ఉంది, దానికి కాటా, నీటి తొట్టి ఉంటే చాలు. పచ్చి వేప చెక్క ఆరోగ్యంగా ఉంటే లీటరు పరిమాణానికి దాదాపు ఒక కిలో తూగుతుంది, అంటే నీటితో ఇంచుమించు సమానం. మీరు చెప్పిన కొలతల ప్రకారం బుడిపెను గోళంలో ఒక ముక్కగా భావించి లెక్క వేస్తే 45 లీటర్లకు కొద్దిగా పైన వస్తుంది. బరువు 45 కిలోలు. ఈ లెక్కన లోపల పెద్ద డొల్ల ఉండే అవకాశం తక్కువ. అదే కొలతల బుడిపె 30 కిలోలే తూగి ఉంటే, పైగా కోసి పది రోజులే అయి ఉంటే, నేను దాని దగ్గరకు కూడా వెళ్లను.

అయితే బుడిపె ఏ వైపూ సరైన గోళంలా ఉండదు, కాబట్టి కాగితం లెక్క మీద పూర్తిగా ఆధారపడవద్దు. పశువుల కుడితి తొట్టి ఒకటి అంచు దాకా నింపి, బుడిపెను పూర్తిగా మునిగేలా దింపి, పొర్లిన నీటిని కింద పళ్లెంలో పట్టి బకెట్లతో కొలిస్తే అసలు పరిమాణం తెలుస్తుంది. ఎండిన బుడిపెకు ఈ పరీక్ష ఇలాగే పనిచేయదు, ఎందుకంటే ఎండిన వేప లీటరుకు సుమారు 700 గ్రాములకు దిగుతుంది. అప్పుడు తేలిక అనేది డొల్ల వల్ల వచ్చిందో ఆరడం వల్ల వచ్చిందో చెప్పలేం. కోసిన తేదీ నిజంగా తెలియడం అందుకే ముఖ్యం.

నల్లతుమ్మ

తొట్టి సలహా బాగుంది. కానీ తరిమెన గారూ, ఒక సందేహం. డొల్ల లేకపోయినా మెత్తబడిన పుచ్చు చెక్క నీరు పీల్చుకుని బరువుగానే ఉంటుంది కదా? మా కరీంనగర్ వైపు వాన తర్వాత తెచ్చిన మామిడి బుడిపె ఒకటి సరిగ్గా అలాగే నన్ను మోసం చేసింది.

విశాఖ_తరిమెన

మీరన్నది నిజం, నేను ఆ మాట చెప్పి ఉండాల్సింది. నీటి పరీక్ష డొల్లను పట్టిస్తుంది, తడిసిన పుచ్చును పట్టించదు. దానికి చెవిని నమ్ముకోవాలి. బాడిస వెనుక భాగంతో చదును ముఖం మీద అరచేతి వెడల్పున ఒక్కో చోట తడుతూ పోండి. గట్టి చెక్క దగ్గర "టంగు"మని చిన్నగా, పొడిగా పలుకుతుంది, బాడిస కొద్దిగా ఎగిరి చేతికి తిరిగి వస్తుంది. పుచ్చు దగ్గర "దబ్" అని మట్టిగోడ మీద కొట్టినట్టు ఉంటుంది, దెబ్బ అక్కడే ఇంకిపోతుంది. ఈ తేడా ఒక్కసారి చేతికి తెలిస్తే మర్చిపోరు.

వృక్షం_మాస్టారు

వ్యవసాయ కళాశాలలో చాలా కాలం పాఠం చెప్పినవాడిని కనుక, అసలు బుడిపె అంటే ఏమిటో ఒకసారి చెప్పనివ్వండి. విలువ కట్టడం అక్కడి నుంచే మొదలవుతుంది.

చెట్టు బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలు ఉంటాయి. గాయం, కొమ్మ నరకడం, పురుగు, శిలీంధ్రం వంటి ఏదో ఒక ఒత్తిడి తగిలినప్పుడు కొన్ని చెట్లలో ఆ మొగ్గలు ఒకే చోట గుంపుగా పుట్టుకొస్తాయి, కానీ కొమ్మలుగా ఎదగవు. ఏటేటా మాను వాటి చుట్టూ చెక్క పేర్చుకుంటూ పోతుంది. ప్రతి మొగ్గా చెక్కలో ఒక సన్నని శంకువులా నిలిచిపోతుంది. దాన్ని అడ్డంగా కోస్తే చుక్కలా, చుట్టూ సుడి తిరిగిన రేఖలతో కనిపిస్తుంది. గిన్నెల వాళ్లు కన్నులు అనేది వీటినే. కన్నులు ఎంత దట్టంగా ఉంటే ధర అంత ఎక్కువ. ఏ రెండు చోట్లా రేఖ ఒక దిక్కున పోదు కాబట్టి ఎండేటప్పుడు ఒకే వైపు బారుగా చీలిపోయే అవకాశం కూడా తక్కువ.

మాను మీద ఉబ్బి కనిపించిందల్లా బుడిపె కాదు. ఎప్పుడో విరిగిన కొమ్మ మొదలును మాను కప్పేసుకున్నా బయటికి ఇలాగే గుండ్రంగా కనిపిస్తుంది; దాని లోపల చాలాసార్లు కుళ్లిన కొమ్మ ముక్క ఉంటుంది. నేల దగ్గర, వేళ్ల మొదట్లో వచ్చే కొన్ని గడ్డలు అగ్రోబాక్టీరియం అనే మట్టి సూక్ష్మజీవి వల్ల పుడతాయి. వాటిలో కణజాలం ఒక వరుస లేకుండా పెరిగి, సాధారణంగా మెత్తగా ఉంటుంది. అందులో గిన్నెకు పనికివచ్చేది ఏమీ ఉండదు.

మీ బుడిపె బెరడును ఒక మూల గోరంత మేర లేపి చూడండి. కింద చెక్క మీద ముళ్లలా, చెమటకాయల్లా చిన్న చిన్న మొనలు చేతికి తగిలితే లోపల కన్నులు ఉన్నట్టే. నున్నగా ఉంటే సుడి రేఖలు దొరకవచ్చు గాని కన్నుల మీద ఆశ పెట్టుకోవద్దు.

కొత్తలేత్

మాస్టారు గారూ, ఈ మధ్య మన వైపు వేప చెట్లన్నీ ఎండిపోయాయి కదా. ఆ జబ్బు వల్లనే ఇప్పుడు వేప బుడిపెలు ఎక్కువగా వస్తున్నాయా?

వృక్షం_మాస్టారు

కాదు. 2021 తర్వాత తెలంగాణలోనూ, ఆంధ్రలోనూ వేపలను పట్టి పీడించినది కొమ్మల చివరలు మాడిపోయే తెగులు. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం దానికి ముఖ్య కారణం. అది చిగుళ్లను, లేత కొమ్మలను ఎండబెడుతుంది. ఇంత పెద్ద బుడిపె మాను మీద పెరగడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. తెగులు వచ్చాక ఎండిపోయిందని భయపడి కొట్టించిన చెట్లు ఎక్కువయ్యాయి, అందువల్ల పాత బుడిపెలు ఇప్పుడు అడితులకు చేరుతూ ఉండవచ్చు. నిజానికి ఆ చెట్లలో చాలా వరకు వాటంతటవే తిరిగి చిగురించాయి. కొట్టకుండా ఉంటే బాగుండేది.

నల్లతుమ్మ

మేకుల మాట ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. వేప అంటే ఊరి చెట్టు. ఫ్లెక్సీలు కట్టడానికి, కరెంటు తీగ లాగడానికి, పసుపు గుడ్డ చుట్టి మేకు కొట్టడానికి అందరికీ అదే దొరుకుతుంది. చెట్టు ఆ మేకును మింగేసి పదేళ్లలో బెరడు కప్పేస్తుంది. లేత్ మీద తిరుగుతూ ఉండగా ఉలికి మేకు తగిలితే ఉలి పదును పోవడమే కాదు, ముక్క దాన్ని పట్టి ఉంచే చక్ నుంచి ఊడి మొహం మీదికి రావచ్చు. గోడలో తీగ వెతికే చిన్న లోహ శోధక పరికరాన్ని బుడిపె మీద అంతటా మెల్లగా తిప్పండి. కోసిన ముఖం మీద నీలి నలుపు మరక ఏదైనా పాకి ఉంటే ఇనుము అక్కడే ఉందని అనుమానించండి. చెక్కలోని వగరు ఇనుముతో కలిస్తే ఆ రంగే వస్తుంది. తుమ్మలో అయితే సిరా ఒలికినట్టు కనిపిస్తుంది. ఇది చేను గట్టు చెట్టు అన్నారు కనుక మేకులు తక్కువే ఉండవచ్చు, కానీ కంచె తీగ చుట్టి ఉన్నారేమో అడగండి.

ఒరెగాన్_కర్రలు

నేను ఉండే చోట పెద్దాకు మేపుల్ బుడిపెలు దొరుకుతాయి, వాటిని ఇక్కడ పౌండు లెక్కన అమ్మడం మామూలు. ఆ అలవాటులో నేను నేర్చుకున్నది ఒక్కటే, పచ్చి బుడిపెను తూకానికి కొంటే నీటికి కూడా డబ్బు కడుతున్నాం. గోదారి గారి లెక్కే తీసుకోండి. పచ్చి చెక్కలో ఎండు చెక్క బరువుకు 60 శాతం నీరు ఉందనుకుంటే, 45 కిలోలలో చెక్క 28 కిలోలు, నీరు 17 కిలోలు. మీ గోదావరి గాలిలో ఆరి 12 శాతం తేమకు దిగాక మొత్తం 31 కిలోలకు కొద్దిగా పైన మిగులుతుంది. అంటే 13 కిలోలకు పైగా ఆవిరై పోతుంది. కిలో 400 అన్నది ఎండు లెక్కన 570 పైగా పడుతుంది. తెల్లవారకుండా లేచి కొన్న తూకం సాయంత్రానికే తగ్గడం మొదలవుతుంది, కనుక ధర మాట్లాడేటప్పుడు ఈ లెక్క చేతిలో ఉంచుకోండి.

ఇంకొక విషయం కూడా చెప్పాలి. బుడిపె ఎక్కడి నుంచి వచ్చిందో తప్పకుండా అడగండి. కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్ బుడిపెల కోసం రాత్రివేళ జాతీయ పార్కులో బతికి ఉన్న మహావృక్షాల మొదళ్లను కోసుకుపోతూ ఉంటే, 2014 మార్చిలో ఆ పార్కు గుండా పోయే న్యూటన్ డ్రూరీ రహదారిని రాత్రుళ్లు మూసివేశారు. రెడ్‌వుడ్‌కు ఆ బుడిపె నుంచే కొత్త మొలకలు వస్తాయి. దాన్ని కోస్తే చెట్టు తిరిగి పుట్టే శక్తిని కోసినట్టే.

అడితి_బాబాయ్

తూకం లెక్క నాకు నచ్చింది గాని ఒక మాట. మేము కాటా మీద అమ్మేది మోసం చేయాలని కాదు, మొద్దు అయితే ఘనపుటడుగు లెక్క వస్తుంది, ఇలాంటి వంకర సరుకుకు టేపు ఎక్కడ పెట్టాలో తెలియక కాటా ఎక్కిస్తాం. మీరే వచ్చి "ఇందులో నాకు రెండు గిన్నెలు వస్తాయి, దానికి ఇంత ఇస్తాను" అని చెబితే కాదనే అడితి యజమాని ఉండడు.

అలాగే మన దగ్గర వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. గాలికి కూలిన చెట్టైనా సరే, బండి మీద రవాణా చేసేటప్పుడు ఏ కాగితం ఉండాలో దగ్గరలోని అటవీ రేంజ్ కార్యాలయంలో కనుక్కుని, ఆ కాగితం అడితి నుంచి తీసుకోండి.

ఏటికొప్పాక_చేతులు

మా తాతల కాలం నుంచి వరాహ నది ఒడ్డున తరిమెన మీదే బతుకుతున్నాం. మేము వాడేది అంకుడు కర్ర; తెల్లగా, మెత్తగా, ఏ ముడీ లేకుండా ఉంటేనే లక్క సమంగా పడుతుంది. కర్రలో ముడి కనిపిస్తే ఆ భాగం కోసి పొయ్యిలో పెట్టేవాళ్లం. అందుకని బుడిపె కోసం 18,000 అనే మాట వింటే మొదట ఆశ్చర్యం వేసింది. గిన్నెకు అందం దాని వంపు తెస్తుంది. వంపు సరిగ్గా లేని గిన్నెలో ఎన్ని కన్నులు ఉన్నా కంటికి ఆనదు. నా సలహా అడిగితే, ఆ డబ్బుతో మంచి మాను చెక్క కొని యాభై గిన్నెలు చేయండి, చేయి తిరిగాక బుడిపె జోలికి వెళ్లండి.

ఉలిపదును

ఏటికొప్పాక గారి చేతిని నేను ఎంతో గౌరవిస్తాను, కానీ ఇక్కడ నేను ఏకీభవించను. వంపు, రేఖ రెండూ వేర్వేరు అందాలు. లక్క వేసే బొమ్మకు చెక్క రంగు కనపడనక్కరలేదు, నూనె మాత్రమే రాసే గిన్నెకు చెక్కే రంగు. బుడిపెను మీరు పొయ్యిలో పెట్టిన రోజులు తలచుకుంటే నాకు బాధగా ఉంది.

ఏటికొప్పాక_చేతులు

అంకుడులో మీరు అనుకునేంత పెద్ద బుడిపెలు పుట్టవు లెండి, మణికట్టంత ముడులే. కానీ మీ మాట మనసులో పెట్టుకుంటాను. గోదారి గారు గిన్నె పూర్తి చేస్తే చూపించమనండి. మొగలి ఆకుతో ఆఖరి మెరుగు పెట్టి చూడండి, ఇసుక కాగితం ఇవ్వని నునుపు అది ఇస్తుంది.

కొత్తలేత్

ఇదే సందర్భంలో అడుగుతున్నాను. నాకు తెలిసిన ఒకరు ఎర్రచందనం బుడిపె చవగ్గా ఇప్పిస్తానంటున్నారు. దాని విలువ కూడా ఇలాగే కట్టాలా?

అడితి_బాబాయ్

బాబూ, ఆ మాట ఇక్కడితో ఆపెయ్యి. ఎర్రచందనం శేషాచలం కొండల్లో తప్ప మరెక్కడా సహజంగా ఇంతగా పెరగని చెట్టు, అందుకే దాని మీద అంత కాపలా. కాగితం లేకుండా ఒక ముక్క ఇంట్లో దొరికినా జైలు తప్పదు. ఆ మనిషి ఫోను కూడా ఎత్తవద్దు.

ఒరెగాన్_కర్రలు

అలాగే జిట్రేగి (రోజ్‌వుడ్) విషయం కూడా గుర్తుంచుకో తమ్ముడూ. 2017 నుంచి ఆ చెట్టు ప్రజాతి మొత్తం, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం జాబితాలో ఉంది. కర్రను దేశం దాటించే ముందు ఏ అనుమతి కావాలో కనుక్కోవాలి. 

విశాఖ_తరిమెన

తిరిగి ధర దగ్గరకు వద్దాం. నేను ఎప్పుడూ వచ్చే గిన్నెల నుంచి వెనక్కి లెక్క వేస్తాను. మీ లేత్ 12 అంగుళాలది. రెండడుగుల చదును ముఖం మీద పక్కపక్కనే రెండు గుండ్రాలు గీస్తే ఒక్కోటి సరిగ్గా అడుగు వస్తుంది, అంచు గుండ్రం చేశాక 11 అంగుళాలు అనుకోండి. ఆ గుండ్రాల నడుమ మందం ఎనిమిది అంగుళాలకు పైనే ఉంటుంది, కాబట్టి లోతుకు కొరత లేదు. పక్కల మిగిలే రెండు ముక్కల్లో కుంకుమ భరిణెలు, పెన్నులు, చిన్న మూతలు వస్తాయి. ఒక గిన్నె చీలినా రెండోది మిమ్మల్ని నష్టం నుంచి కాపాడాలి. అందుకే నేను ఒక్క గిన్నె అమ్ముడుపోయే ధరలో సగం దాటి ముడిసరుకుకు పెట్టను. మీ గిన్నెలు ఎంతకు పోతాయో మీకే తెలుసు.

హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు, 2014 అక్టోబరులో, మా వీధిలో నిద్రగన్నేరు చెట్లు వరుసగా పడిపోయాయి. ఆ గుట్టల్లో నుంచి తోపుడు బండి మీద ఒక బుడిపె ఇంటికి తెచ్చుకున్నాను, దానికి నేను పెట్టింది కూలివాళ్ల టీ ఖర్చు మాత్రమే. కానీ కోసిన ముఖం త్వరగా ఆరి చీలకుండా అదే రోజు పూయాల్సిన మైనం పూయకుండా పది రోజులు పెళ్లి పనుల్లో పడిపోయాను. నిద్రగన్నేరు అంతగా కుంచించుకోని చెక్క కాబట్టి కొంతవరకు ఓర్చుకుంది. వేప ఓర్చుకోదు. మీరు చూసిన దాని చదును ముఖం మీద సన్న నెర్రెలు ఉన్నాయా? పది రోజులుగా మైనం లేకుండా ఉంటే లోపలికి ఎంత దిగాయో చూడాలి. వెంట్రుకలాంటి సన్న నెర్రె అంగుళం లోపే ఆగుతుంది, గోరు పట్టేంత నెర్రె అయితే రెండు మూడు అంగుళాలు వదులుకోవాలి.

గోదారి_గిన్నెలు

అందరి మాటలూ కాగితం మీద రాసుకుని నిన్న మళ్లీ అడితికి వెళ్లాను. ముందు తొట్టి పని చేశాం. అడితి వారి కుడితి తొట్టి చాలినంత లోతు ఉంది, ఇద్దరు మనుషులం బుడిపెను తాళ్లతో దింపాం. పొర్లిన నీరు 20 లీటర్ల బకెట్లు రెండు, ఆ పైన రెండు లీటర్లు. అంటే 42 లీటర్లకు 45 కిలోలు. పూర్తిగా మునిగి అడుగుకు చేరింది, తేలలేదు.

తర్వాత బెరడు ఒక మూల ఉలితో లేపాను. దళసరి బెరడు, దాని కింద చెక్క పచ్చిగా, తడిగా, వేపాకు నలిపినంత చేదు వాసనతో ఉంది. వేలితో తడిమితే మాస్టారు గారు చెప్పిన మొనలు బియ్యపు గింజలంత దగ్గర దగ్గరగా తగిలాయి. కానీ ఒక పక్క, చేయి అడ్డంగా పెట్టినంత మేర, ఏ మొనలూ లేవు. బాడిసతో తడితే అక్కడ పలుకు కూడా కొంచెం మారింది, మరీ "దబ్" అని కాదు గాని టంగుమనలేదు. ఆ చోటు ఏమై ఉంటుంది?

వృక్షం_మాస్టారు

పాత కొమ్మ మొదలు అక్కడ కప్పబడి ఉండవచ్చు, లేదా రెండు ఉబ్బులు కలిసే చోట బెరడు లోపలికి చొచ్చుకుని ఉండవచ్చు. రెండింటిలో ఏదైనా ఆ భాగాన్ని లెక్క లోంచి తీసేయండి. కిటికీ కోయవలసిన చోటు కూడా అదే. మంచి చోట కోసి మురిసిపోవడంలో అర్థం లేదు. అనుమానం ఉన్న చోటే కోసి చూడాలి.

ఉలిపదును

మాస్టారు గారి ఈ ఒక్క మాట కోసమైనా ఈ చర్చ చదవాలి. అలాగే కోయించండి. కింద నల్ల గుడ్డ పరిచి ఒక పూట ఉంచి చూడండి, రాగి పిండిలాంటి సన్నటి పొడి రాలితే తెల్ల చెక్కను తినే పురుగు పని మొదలుపెట్టినట్టు.

గోదారి_గిన్నెలు

1,000 బయానా ఇచ్చి, అనుమానం ఉన్న పక్కనే కోయించాను. మాస్టారు గారు అన్నట్టే జరిగింది. రెండు ఉబ్బుల మధ్య బెరడు నాలుగు అంగుళాల లోతు దాకా నల్లటి గీతలా దిగి ఉంది, దాని పక్కన చిటికెన వేలు పట్టే సందు, అందులో ఎండిన జిగురు. పురుగు లేదు, మేకు లేదు. ఆ గీత దాటిన తర్వాత చెక్క చూసి నా పక్కన రంపం పట్టిన కుర్రాడు కూడా ఆగిపోయాడు. తేనె రంగు మీద ఎరుపు జీర, దాని నిండా చుక్కలు. నీళ్లు చల్లితే ప్రతి చుక్క చుట్టూ రేఖ సుడి తిరిగి కనిపించింది. అరచేతి కింద పట్టినంత చోట లెక్కపెట్టాను, ముప్పై ఒకటి.

అడితి వారితో మాట్లాడాను. ఒక పక్క ముక్క పోతుంది, కనుక రెండు గిన్నెల్లో ఒకటి 11 అంగుళాలు, రెండోది 9 అంగుళాలే వస్తుందని బొగ్గుతో గుండ్రాలు గీసి చూపించాను. అందులో నీటి బరువు ఎంతో కూడా చెప్పాను. ఆయన చాలాసేపు ఆ గీతల వైపు చూసి 11,000 అన్నారు, చివరకు 9,500 కు ఇచ్చారు. రవాణా కాగితం, కొన్న రసీదు కూడా ఇచ్చారు.

అడితి_బాబాయ్

బొగ్గుతో గీసి చూపించారు చూడండి, అక్కడే బేరం అయిపోయింది. ఏ అడితి మనిషైనా కళ్లకు కనిపించిన లెక్కకు తల ఊపుతాడు.

నల్లతుమ్మ

ఇక మైనం ఆలస్యం చేయవద్దు. కొవ్వొత్తి మైనం కరిగించి కోసిన ముఖాలన్నిటి మీదా దళసరిగా పూయండి. మైనం చాలకపోతే ఫెవికాల్ రెండు పూతలు వేసినా కొంత ఆపుతుంది. బెరడు ఉన్న వైపు పూయనక్కరలేదు.

విశాఖ_తరిమెన

ఇంకా మంచిది, ఈ వారంలోనే పచ్చిగా ఉండగా గిన్నెలను ముందు మోటుగా తిప్పేసి పెట్టండి. గోడ మందం వ్యాసంలో పదో వంతు ఉంచండి, 11 అంగుళాల గిన్నెకు 28 మిల్లీమీటర్ల దగ్గర. వేప పొట్టు గొంతుకు మంచిది కాదు, మాస్కు తప్పనిసరి. ఆ మోటు గిన్నెను పెళ్లిళ్ల గుండిగలో నీళ్లు పోసి గంటసేపు ఉడకబెట్టి నీడలో ఆరబెట్టడం నా అలవాటు, చీలికలు బాగా తగ్గాయి. మధ్యధరా ప్రాంతంలో పొగ తాగే గొట్టాలు చేసే బ్రయర్ పొద వేరు బుడిపెను కూడా కోసిన తర్వాత గంటల తరబడి ఉడికించే ఆరబెడతారు, అక్కడి నుంచే నాకు ఈ ఆలోచన వచ్చింది. తర్వాత తూకం రాసుకుంటూ పోండి, మూడు వారాలు వరసగా బరువు తగ్గకపోతే ఆరినట్టే.

ఉలిపదును

ఉడకబెడితే రంగు కొంత వెలిసిపోతుందని నా అనుభవం, ముఖ్యంగా ఆ ఎరుపు జీర. ఒక గిన్నె ఉడికించి, ఒకటి ఉడికించకుండా పొట్టు నింపిన గోనె సంచిలో పెట్టి చూడండి. పోల్చుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు.

గోదారి_గిన్నెలు

అలాగే చేశాను. పెద్దదాన్ని సంచిలో పెట్టాను, చిన్నదాన్ని ఉడికించాను. పెద్ద గిన్నె మోటుగా తిప్పిన రోజు 2,450 గ్రాములు ఉంది. ఒరెగాన్ గారి లెక్క ప్రకారం ఆరాక 1,715 దగ్గర ఆగాలి. మూడు వారాలకు ఈ ఉదయం 2,090 తూగింది. అంచు ఒక వైపు అటూ ఇటూ నాలుగు మిల్లీమీటర్లు వంకర తిరిగింది, నెర్రె మాత్రం ఎక్కడా లేదు. బెరడు చొచ్చిన పక్క నుంచి మిగిలిన ముక్కలో భరిణె ఒకటి తిప్పి చూశాను, మూత మీద సరిగ్గా ఒకే కన్ను పడింది. మొగలి ఆకు కోసం రేపు గోదావరి లంకకు వెళ్తున్నాను. ఏటికొప్పాక గారూ, ఆకును ముందు ఎండబెట్టి వాడాలా, పచ్చిదే పెట్టాలా?

ఏటికొప్పాక_చేతులు

ఎండినది. ముళ్లు తీసేసి, మడత పెట్టి, తరిమెన తిరుగుతూ ఉండగా మెత్తగా ఒత్తండి. భరిణె మూత లోపలి అంచుకు కూడా పెట్టడం మర్చిపోవద్దు, మూత తీసినప్పుడు చేతికి తగిలేది అదే.